క్రెడిట్ కార్డు ఎలా ఎంచుకోవాలి: మన సరుకులు, పెట్రోలు, రైలు టికెట్ల లెక్కతో

మొన్న ఒక ఆదివారం మా బామ్మర్ది కొత్త కార్డు తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు. నల్లగా నిగనిగలాడుతోంది. "బావా, దీంతో ఎయిర్‌పోర్టులో భోజనం ఫ్రీ" అన్నాడు. వాడు ఏడాదికి ఒక్కసారి విమానం ఎక్కితే గొప్ప, అదీ కంపెనీ వాళ్ళు పంపితేనే. కార్డు ఫీజు 2,500, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,950. "ఏమప్పా, మూడు వేలు కట్టి ఇడ్లీ తింటావా" అంటే నవ్వాడు గానీ, వాడి తప్పేమీ లేదు, కార్డు అమ్మేవాళ్ళు చెప్పేది అలాగే ఉంటుంది. తిరుపతి, చిత్తూరు లాంటి ఊళ్ళలో ఉండే మనకి ఖర్చు వెళ్ళే దారులు వేరు, ఆ ప్రకటనల్లో కనబడే ఖర్చులు వేరు. అందుకే ఈ పని ఏ వరసలో చేయాలో, నేను చేసిన పొరపాట్లతో సహా రాస్తున్నాను.

మొదటి పని: మూడు నెలల స్టేట్‌మెంట్ తీయండి

బ్యాంకు యాప్‌లో గత మూడు నెలల స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి, కుదిరితే ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లో చూస్తే ఈ పని అవదు, నాకు అవలేదు. మా ఇంట్లో నేనూ మా ఆవిడా భోజనాల బల్ల మీద ఆ కాగితాలు పరుచుకుని తలో పెన్ను పట్టుకున్నాం. ఆన్‌లైన్ కొనుగోళ్ళు, కరెంటు బిల్లు తేలిగ్గానే దొరికాయి. చిక్కంతా స్కాన్ చేసి కట్టిన చిల్లర దగ్గరే. సాయంత్రం బోండాలు వేసే బండి క్యూఆర్ కోడ్ ఆయన కూతురి పేరు మీద ఉంది, పూలావిడది ఇంకెవరో మగమనిషి పేరు మీద ఉంది, మేమేమో "ఈయనెవరు, నెలలో పదకొండుసార్లు డబ్బులు పంపించాం" అని ఒకర్నొకరు అనుమానంగా చూసుకున్నాం. గంట పట్టింది. కానీ ఆ గంట తర్వాత ఏ కార్డు కావాలో సగం తెలిసిపోయింది.

ఆరు కుప్పలు చేస్తే చాలు. మాకు నెలకి సుమారుగా వచ్చిన అంకెలివి: సూపర్ మార్కెట్ సరుకులు 6,000, ఆన్‌లైన్ కొనుగోళ్ళు 5,000, పెట్రోలు 3,000, కరెంటు గ్యాసు ఫోను ఇంటర్నెట్ కలిపి 4,000, స్కాన్ చేసే చిల్లర అంటే కూరగాయలు టిఫిన్లు మందుల షాపు 6,000, రైలు బస్సు టికెట్లు సగటున 3,000. మొత్తం 27,000. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పిల్లల స్కూలు ఫీజు ఉంటే ఇంకా పెరుగుతుంది. ఈ కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి, ఇక్కణ్ణుంచి ప్రతి లెక్కా దీని మీదే.

రెండో పని: పాయింట్లు రాని ఖర్చులు కొట్టేయండి

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. నెలకి 27 వేలు ఖర్చు కాబట్టి 27 వేలకీ రివార్డు, అంటే ఖర్చు పెట్టినందుకు బ్యాంకు తిరిగిచ్చే పాయింట్లో డబ్బో, వస్తుందనుకుంటారు. పెట్రోలుకి చాలా కార్డుల్లో పాయింట్లే ఉండవు, సర్‌చార్జి మాత్రం 1 శాతం వెనక్కిస్తారు, అదీ ఒకేసారి 400 నుంచో 500 నుంచో పైన కొట్టించుకుంటేనే, జీఎస్టీ వెనక్కి రాదు. బండిలో 200 పోయించుకునే మనలాంటి వాళ్ళకి అది వర్తించదన్నమాట. ఇంటి అద్దె కార్డుతో కడితే పాయింట్ల సంగతి అటుంచి చాలా బ్యాంకులు 1 శాతం ఎదురు తీసుకుంటున్నాయి. వాలెట్‌లో డబ్బు వేయడం, ప్రభుత్వానికి కట్టే పన్నులు, ఇన్సూరెన్స్ ప్రీమియం, కరెంటు బిల్లు, బంగారం, ఈఎంఐగా మార్చిన కొనుగోళ్ళు, వీటికి కొన్ని కార్డులు అసలు ఇవ్వవు, కొన్ని సగమే ఇస్తాయి, కొన్ని నెలకి ఇంత అని గీత గీస్తాయి. స్కూలు ఫీజు, రైలు టికెట్లు కూడా మినహాయించే క్యాష్‌బ్యాక్ కార్డులున్నాయి.

ఇవన్నీ ఎక్కడుంటాయంటే, బ్యాంకు వెబ్‌సైట్‌లో ఆ కార్డు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "అతి ముఖ్యమైన నిబంధనలు" అనే పీడీఎఫ్ ఉంటుంది. పేరుకి అతి ముఖ్యం, పెట్టేది మాత్రం అందరికంటే కింద! మొత్తం చదవక్కర్లేదు. అందులో ఫీజు, వడ్డీ, రివార్డు రాని ఖర్చుల జాబితా, నెలవారీ పరిమితి, ఈ నాలుగూ వెతికి చదవండి.

మా కాగితంలో పెట్రోలు, బిల్లులు కొట్టేస్తే 27 వేలు కాస్తా 20 వేలయింది. అందులో 6 వేలు స్కాన్ చిల్లర, దాని కథ తర్వాత చెప్తాను. అంటే మామూలు కార్డు మీద గీకగలిగేది నెలకి 14 వేలే.

మూడో పని: పాయింటు ఎన్ని పైసలో లెక్క కట్టండి

ప్రకటనలో "150 రూపాయలకు 4 పాయింట్లు" అని ఉంటుంది. పాయింటంటే రూపాయి అని మన మనసు దానంతట అదే అనేసుకుంటుంది. చాలా కార్డుల్లో పాయింటు విలువ మీరు దాన్ని ఎలా వాడతారనే దాన్నిబట్టి మారిపోతుంది. ఉదాహరణకి విమానం టికెట్‌కి వాడితే పాయింటు 50 పైసలు, బిల్లులో తగ్గించమంటే 20 పైసలు అనుకోండి. మొదటి లెక్కలో 150 ఖర్చుకి 2 రూపాయలు, అంటే 1.33 శాతం. రెండో లెక్కలో 80 పైసలు, అంటే 0.53 శాతం. ఒకటే కార్డు, ఒకటే ఖర్చు, రాబడి మాత్రం సగానికంటే తక్కువ. విమానం ఎక్కని వాడికి ఆ కార్డు అర శాతం కార్డే.

పైగా 140 రూపాయల బిల్లుకి 150 నిండలేదు కాబట్టి సున్నా. పాయింట్లు వాడుకునేటప్పుడు కొన్ని బ్యాంకులు 99 రూపాయలు ప్లస్ జీఎస్టీ అని మళ్ళీ తీసుకుంటాయి. గడువు దాటితే పాయింట్లు పోతాయి. అందుకే నా మట్టుకు నేను నేరుగా బిల్లులో డబ్బు తగ్గించే క్యాష్‌బ్యాక్ కార్డుకే ఓటేస్తాను. పాయింట్లని విదేశీ ఎయిర్‌లైన్స్ మైళ్ళలోకి, అంటే వాళ్ళ టికెట్లకి వాడుకునే పాయింట్లలోకి మార్చి బిజినెస్ క్లాసులో తిరిగేవాళ్ళున్నారు, వాళ్ళ లెక్కలు వాళ్ళకి నిజంగానే గిట్టుబాటవుతాయి, కానీ అది నెలకి లక్షల్లో గీకేవాళ్ళ ఆట.

నాలుగో పని: ఫీజు తీసేసి మిగిలేది చూడండి

మా బామ్మర్ది కార్డు మా కాగితం మీద పెట్టి చూశాం. నెలకి 14 వేలంటే ఏడాదికి 1,68,000. దానిమీద 1.33 శాతం అంటే దాదాపు 2,240 రూపాయలు, అదీ పాయింట్లన్నీ విమానం టికెట్లకే వాడితే. ఫీజు 2,950. అంటే ఏడాదంతా గీకి గీకి 710 రూపాయలు మనమే ఎదురిచ్చినట్టు.

ఇప్పుడు ఆన్‌లైన్‌కి 5 శాతం, మిగతా చోట్ల 1 శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డు చూద్దాం, ఫీజు 999 అనుకుందాం. ఆన్‌లైన్ 5,000 మీద 250, సరుకుల 6,000 మీద 60, రైలు టికెట్లకి ఏమీ రాదనే అనుకుందాం. నెలకి 310, ఏడాదికి 3,720. జీఎస్టీతో ఫీజు 1,179 తీసేస్తే 2,541 మిగులుతుంది. ఇలాంటి కార్డుల్లో ఏడాదికి ఇంత ఖర్చు పెడితే ఫీజు మాఫీ అని కూడా ఉంటుంది, మీ ఖర్చు దానంతట అదే ఆ గీత దాటితే మంచిదే. గీత దాటించడానికి ఫిబ్రవరిలో కొత్త మిక్సీ కొనకండి. మేం కొన్నాం, పాతది ఇప్పటికీ అటక మీద బ్రహ్మాండంగా పనిచేస్తూనే ఉంది.

ఇంతకీ ఏ కార్డులు చూడాలి?

పేర్లు చెప్తాను గానీ ఒక మాట ముందే. ఈ కార్డుల నిబంధనలు ఏడాదికోసారైనా మారుతుంటాయి, దరఖాస్తు చేసే రోజున బ్యాంకు పేజీ మళ్ళీ చూడండి. విస్తారా విమానాలు 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయాక ఆ పేరు మీదున్న కార్డులు కూడా పోయాయి, వాటిని నమ్ముకుని మైళ్ళు కూడబెట్టుకున్నవాళ్ళు మళ్ళీ మొదట్నుంచి లెక్కలేసుకున్నారు.

రోజువారీ ఖర్చుకి: అమెజాన్‌లో ఎక్కువ కొనేవాళ్ళకి అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు తేలిక, జీవితాంతం ఫీజు లేదు, ప్రైమ్ సభ్యత్వం ఉన్నవాళ్ళకి అమెజాన్‌లో 5 శాతం, లేనివాళ్ళకి 3. ఫ్లిప్‌కార్ట్ వైపు ఉండేవాళ్ళకి యాక్సిస్ వాళ్ళది ఉంది. ఒకే సైటు అని కట్టుబడకుండా నాలుగైదు చోట్ల కొనేవాళ్ళకి ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు లాంటిది నప్పుతుంది. మొదటి కార్డు తీసుకునేవాళ్ళు ఫీజు లేనిదానితో మొదలుపెట్టడమే మేలు, అలవాటు ఎలా ఉంటుందో తెలియకముందే ఫీజు ఎందుకు?

ఇక ఆ స్కాన్ చిల్లర 6,000. తిరుపతిలో కూరగాయల బండి దగ్గర కార్డు గీకే మిషను ఉండదు, క్యూఆర్ అట్ట ఉంటుంది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐ యాప్‌కి జతచేసుకోవచ్చు, అంటే మీరు స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు క్రెడిట్ కార్డు నుంచి వెళ్తుంది. వీసా, మాస్టర్ కార్డులకి ఈ సౌకర్యం లేదు. అవతల ఉన్నది వ్యాపారి క్యూఆర్ అయితేనే పోతుంది, మనిషి సొంత నంబరుకి పంపలేరు. మా బోండాల బండి ఆయనది వ్యక్తిగత ఖాతా, అక్కడ పని చేయలేదు, మందుల షాపులో చేసింది. ఈ కార్డుల్లో యూపీఐ ఖర్చుకి ఇచ్చే శాతం ఏ యాప్‌తో స్కాన్ చేశారనే దాన్నిబట్టి కూడా మారుతుంది, టాటా న్యూ హెచ్‌డీఎఫ్‌సీ కార్డు అలాంటిదే, వాళ్ళ సొంత యాప్‌తో కడితే ఎక్కువ. 6,000 మీద 1 శాతమైనా నెలకి 60, ఏడాదికి 720. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఎలాగూ కట్టే డబ్బే కదా. ఒక్క ఇబ్బంది, చిల్లర ఖర్చు క్రెడిట్ మీదికి వెళ్తే చేతి నుంచి పోతున్నట్టు అనిపించదు. మా ఇంట్లో మొదటి నెల టిఫిన్ల ఖర్చు పెరిగింది, బోండా బండిని వదిలేసి హోటల్‌కి మారాం మరి!

ప్రయాణాలకి: మనది రైళ్ళ ఊరు. సికింద్రాబాద్‌కి నారాయణాద్రి, పద్మావతి, 2023 ఏప్రిల్ నుంచి వందేభారత్, చిత్తూరు వాళ్ళకైతే కాచిగూడకి వెంకటాద్రి. ఐఆర్‌సీటీసీ పేరుతో ఎస్‌బీఐ వంటి బ్యాంకులిచ్చే కార్డుల్లో ఏసీ టికెట్లకి పాయింట్లు బాగా వస్తాయి, పేమెంట్ చార్జీ 1 శాతం మిగులుతుంది. ఎక్కువ పాయింట్లు ఏసీకే అని గుర్తుపెట్టుకోండి. నెలకి రెండుసార్లు థర్డ్ ఏసీలో ఇంటిల్లిపాదీ తిరిగేవాళ్ళకి గిట్టుబాటు. పండక్కోసారి స్లీపర్‌లో వెళ్ళేవాళ్ళు దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

విమానం టికెట్ల దగ్గర, కార్డు పాయింట్ల కంటే బుకింగ్ సైట్లలో ఫలానా బ్యాంకు కార్డుకి ఇంత తగ్గింపు అనే ఆఫర్లే ఎక్కువ కలిసొస్తాయి. వారంలో ఒక్క రోజే ఉంటాయి, కొన్ని ఈఎంఐకి మాత్రమే. తగ్గింపు చూసి మురిసిపోయే ముందు మనిషికింత అని వేసే కన్వీనియన్స్ ఫీజు కలిపి, ఎయిర్‌లైన్ సొంత సైటులో ధరతో పోల్చండి.

లాంజ్, అంటే ఎయిర్‌పోర్టులో కార్డు చూపించి ఫ్రీగా కూర్చుని తినే గది, దాని సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, నా పరువు పోయిన చోటు అది. అమ్మానాన్నల్ని కాశీకి తీసుకెళ్తూ చెన్నై ఎయిర్‌పోర్టుకి తెల్లవారుజామునే చేరాం. తిరుపతి నుంచి కారులో మూడు గంటలు, ఎవరూ ఏమీ తినలేదు. "లోపల లాంజ్ ఉంది, అన్నీ ఫ్రీ" అని దారి పొడుగునా చెప్పుకొచ్చాను. కౌంటర్‌లో అమ్మాయి కార్డు గీకి, మళ్ళీ గీకి, "సారీ సర్, ఎలిజిబుల్ కాదు" అంది. తర్వాత తెలిసింది, అంతకు ముందు మూడు నెలల్లో ఆ కార్డు మీద చెప్పినంత ఖర్చు పెడితేనే లోపలికి రానిస్తారని. బ్యాంకు ఆ నిబంధన మార్చినట్టు మెయిల్ పంపింది, నేను తెరవలేదు. పోనీ రానిచ్చినా నా ఒక్కడికే, అమ్మానాన్నలకి విడిగా డబ్బు కట్టాల్సిందేనట. ముగ్గురం బయట దోసెలు తిన్నాం, బిల్లు చూసి అమ్మ "ఇంటి దగ్గర్నుంచి పులిహోర కట్టుకొచ్చుంటే సరిపోయేది కదరా" అంది. అందుకని లాంజ్ కోసం కార్డు తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ముందు మూడు నెలల్లో ఎంత ఖర్చు ఉండాలి, ఏడాదికి ఎన్నిసార్లు, వెంట వచ్చేవాళ్ళకి ఎంత. ఇప్పుడు చాలా కార్డుల్లో ఆ ఖర్చు గీత 50 వేలు, 75 వేలు అలా ఉంది.

విదేశాలకి వెళ్ళేవాళ్ళు, పిల్లలు బయట చదువుకుంటున్నవాళ్ళు, కువైట్‌లో చుట్టాలున్నవాళ్ళు ఒక్క మాట చూసుకుంటే చాలు, ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కట్టినప్పుడు బ్యాంకు పైన వేసే చార్జీ. మామూలు కార్డుల్లో 3.5 శాతం, జీఎస్టీతో 4.13. లక్ష రూపాయల ఖర్చుకి 4,130 ఊరికే పోతుంది, ఏ పాయింట్లూ దాన్ని పూడ్చలేవు. మార్కప్ లేని కార్డులున్నాయి, ఫెడరల్ బ్యాంకుతో వచ్చే స్కాపియా అలాంటిదే. అక్కడ షాపులో మిషను "రూపాయల్లో కడతారా, ఇక్కడి కరెన్సీలో కడతారా" అని అడిగితే అక్కడి కరెన్సీనే నొక్కండి. రూపాయలంటే సుఖంగా అనిపిస్తుంది గానీ, మారకం రేటు వాళ్ళిష్టం వచ్చినట్టు వేసుకుంటారు.

దరఖాస్తు

ముందు సిబిల్ స్కోరు చూసుకోండి, మీరు అప్పులు ఎలా తీరుస్తున్నారో చెప్పే మార్కు అది, ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు వాళ్ళు ఉచితంగా ఇవ్వాలి. 300 నుంచి 900 మధ్య ఉంటుంది, 750 దాటితే టెన్షన్ అక్కర్లేదు. నాలుగు బ్యాంకుల్లో ఒకేసారి వేయకండి, ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది, అది చూసి తర్వాతి బ్యాంకు "వీడికి డబ్బు ఇబ్బందేమో" అనుకుంటుంది. జీతం పడే బ్యాంకు యాప్‌లో ముందే మంజూరైన కార్డు ఉందేమో మొదట చూడండి. జీతం కాగితాలు లేని వ్యాపారస్తులు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు తీసుకోవచ్చు, డిపాజిట్‌కి వడ్డీ వస్తూనే ఉంటుంది, స్కోరూ మొదలవుతుంది. కొన్ని బ్యాంకులు కొన్ని పిన్‌కోడ్లకి కార్డు ఇవ్వవు, పలమనేరు, పుంగనూరు అవతల పల్లెల్లో ఉండేవాళ్ళు ఇది ముందే కనుక్కుంటే తిరగడం తప్పుతుంది.

సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర టై కట్టుకుని నిలబడే కుర్రాడు "లైఫ్‌టైమ్ ఫ్రీ అన్నా" అంటే, ఆ మాట దరఖాస్తులో ఎక్కడుందో చూపించమనండి. నాకు ఫోన్‌లో అలా చెప్పి ఇచ్చిన కార్డుకి రెండో ఏడాది ఫీజు పడింది, అడిగితే "మొదటి ఏడాదే ఫ్రీ సర్" అన్నారు.

కార్డు చేతికొచ్చాక

మొదట యాప్‌లోకి వెళ్ళి ఆటో డెబిట్ పెట్టండి, "మొత్తం బాకీ" అనే దానికి. "మినిమమ్" అని ఉండేది ఎంచుకోకండి, అది ఉచ్చు. 40,000 బిల్లుకి 2,000 కట్టి ఊరుకుంటే మిగిలిన 38,000 మీద నెలకి 3.5 శాతం వడ్డీ 1,330, జీఎస్టీ 239, అంటే ఒక్క నెలకి దాదాపు 1,570. మా ఐదు నెలల క్యాష్‌బ్యాక్ అది. పైగా కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఏటీఎంలో ఈ కార్డుతో డబ్బు తీయకండి, తీసిన నిమిషం నుంచే వడ్డీ, పైన ఫీజు. నెలాఖరుకి జేబు ఖాళీ అవుతుందనుకుంటే, బిల్లు తేదీ జీతం తర్వాత వచ్చేలా మార్చమని అడగొచ్చు, అది మీ హక్కు.

విదేశీ లావాదేవీలు ఆపేసి ఉంచండి. తట్టి కట్టే పద్ధతిలో 5,000 వరకు పిన్ అడగదు, ఆ పరిమితి కూడా యాప్‌లో తగ్గించుకోండి. "మీ 6,850 పాయింట్లు ఈ రోజే ఎక్స్‌పైర్" అని లింకుతో మెసేజ్ వస్తే తెరవకండి, పాయింట్లు ఉన్నాయో లేదో యాప్‌లోనే చూసుకోండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే కార్డు బ్లాక్ చేసి 1930కి ఫోన్ చేయండి.

ఫ్రెండ్సు "నీ కార్డుకి ఆఫరుంది, ఫోన్ కొనిపెట్టు, డబ్బులిచ్చేస్తా" అంటారు. ఒకటి రెండుసార్లు సరే. కానీ ఏడాదిలో కార్డు బిల్లులు 10 లక్షలు దాటితే బ్యాంకు ఆ వివరం ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి పంపుతుంది, అప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. ఫోన్ కొన్నవాడు పక్కన ఉండడు.

ఏడాది తిరిగే నెలకి ఫోన్‌లో ఒక రిమైండర్ పెట్టుకోండి. ఫీజు పడగానే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "మాఫీ చేయండి, లేదంటే కార్డు మూసేస్తాను" అని మెత్తగా చెప్పండి. చాలాసార్లు చేస్తారు. చేయకపోతే ముందు పాయింట్లు వాడేసుకుని, బాకీ లేకుండా చూసుకుని, మూసేయమని రాతలో పెట్టండి. ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకి 500 చొప్పున బ్యాంకే మీకు కట్టాలి, రిజర్వ్ బ్యాంకు 2022లో పెట్టిన నిబంధన ఇది. మా బామ్మర్దికి ఆ ఫోన్ చేయాల్సిన నెల మార్చి, నంబరు నేనే సేవ్ చేసిచ్చాను.